కంట్రోలర్ ఎడమ స్టిక్ దానంతటదే జరుగుతోంది: బాగు చేయించాలా, కొత్తది కొనాలా?

అరండల్‌పేట_ఆటగాడు | శనివారం రాత్రి 10:42

అందరికీ నమస్కారం. మాది గుంటూరు. ఫుట్‌బాల్ వీడియో గేమ్‌లో నేను కంట్రోలర్ స్టిక్ ముట్టుకోకపోయినా నా ఆటగాడు మెల్లగా ఎడమవైపు గీత దాటి నడిచి పోతున్నాడు. మెనూలో కూడా అంతే, ఎంచుకున్న చోట నిలబడదు. కంట్రోలర్ కొని 14 నెలలైంది. వారంటీ 12 నెలలు. తమ్ముడితో కలిసి ఆడుకోవాలని నా మొదటి స్టైపెండ్ డబ్బుతో బెజవాడ వెళ్ళి విడిగా కొన్న రెండో కంట్రోలర్ ఇది. అందుకే అంత తేలిగ్గా పక్కన పడెయ్యలేకపోతున్నాను.

ఏ కంపెనీదో రాయడం లేదు, నా ప్రశ్న ఆ ఒక్క కంపెనీ గురించి కాదు. సర్వీస్ సెంటర్‌లో "స్టిక్ ఒక్కటే మార్చే పద్ధతి మా దగ్గర లేదు, కొత్తది తీసుకోండి" అన్నారు. కొత్తదంటే మళ్ళీ దగ్గర దగ్గర ఆరు వేలు. బయట ఎవరిచేతైనా బాగు చేయించడమా, అలాంటిదే మళ్ళీ కొనడమా, అయస్కాంతం స్టిక్కులని ఇప్పుడు వస్తున్నవి తీసుకోవడమా? ఇంకో సంగతి. తమ్ముడు మొరటుగా తిప్పడం వల్లే పోయిందని ఇంట్లో అందరూ అంటున్నారు. అది నిజమేనా?

మంగళగిరి_మెరుపు | శనివారం రాత్రి 10:58

బ్రో, సెట్టింగ్స్‌లో డెడ్‌జోన్ పెంచి చూశావా? మధ్యలో కొంత మేర స్టిక్ కదిలినా ఆట పట్టించుకోదు. నాది అలా పెట్టుకునే ఆర్నెల్లు లాగాను.

అరండల్‌పేట_ఆటగాడు | శనివారం రాత్రి 11:05

చూశాను అన్నా. మొదట కొంచెం పెంచితే ఆగింది. రెండు వారాలకి ఇంకాస్త పెంచాల్సి వచ్చింది. ఇప్పుడు స్టిక్ సగం దాకా నెడితే గానీ ఆటగాడు కదలడం లేదు. మెల్లగా నడిపించడం అనేదే పోయింది.

ఈసీఈ_ఫైనలియర్ | శనివారం రాత్రి 11:40

ముందు లోపల ఏం జరుగుతోందో చెప్తాను, అప్పుడు ఏం చెయ్యాలో నువ్వే తేల్చుకోగలవు.

స్టిక్ కింద రెండు పొటెన్షియోమీటర్లు ఉంటాయి. ఒకటి అడ్డం, ఒకటి నిలువు. ఇంటర్ ఫిజిక్స్ ల్యాబ్‌లో పొటెన్షియోమీటర్ తీగ మీద జాకీ జరిపి, ఎక్కడ ఎంత వోల్టేజీ వస్తుందో చూశాం కదా, అదే సూత్రం. ఇక్కడ తీగ బదులు కార్బన్ పూత పూసిన చిన్న పట్టీ, జాకీ బదులు దాని మీద రాసుకుంటూ తిరిగే సన్నటి లోహపు వేళ్ళు. స్టిక్ మధ్యలో ఉంటే సగం వోల్టేజీ. చిప్ దాన్ని 0 నుంచి 255 దాకా అంకెగా మారుస్తుంది, మధ్యలో 128 దరిదాపుల్లో రావాలి. లోహం రాసుకున్నకొద్దీ కార్బన్ అరుగుతుంది, ఆ పొడి అక్కడే పడి ఉంటుంది. మధ్య భాగమే ఎక్కువ అరుగుతుంది, ఎందుకంటే ఎటు తిప్పినా స్టిక్ మధ్య నుంచే బయలుదేరి మధ్యకే తిరిగొస్తుంది. అరిగాక 128 రావాల్సిన చోట 112 వస్తే, ఎడమకి నెడుతున్నావని ఆట అనుకుంటుంది.

ఎన్నాళ్ళకి అరుగుతుంది? వస్తువులు విప్పి లోపలేముందో చూపించే ఐఫిక్సిట్ వాళ్ళు 2021లో ప్లేస్టేషన్ 5 కంట్రోలర్ విప్పి, లోపలున్న ఆల్ప్స్ కంపెనీ మాడ్యూల్ (స్టిక్కూ, దాని పొటెన్షియోమీటర్లూ కలిసి ఉండే ముక్క) ఆయుష్షు 20 లక్షల తిప్పుళ్ళని తయారీదారు పత్రాల నుంచే చూపించారు. వినడానికి పెద్ద అంకె. నీ ఫుట్‌బాల్‌లో సెకనుకి ఒక్కసారే స్టిక్ కదిపావనుకో, గంటకి 3,600. అంటే సుమారు 555 గంటలు. రోజుకి రెండు గంటలు ఆడితే తొమ్మిది నెలలు. ఆ రోజుకి ఠక్కున చచ్చిపోతుందని కాదు, అక్కణ్ణుంచి భరోసా లేదని. మీరిద్దరూ ఆడి 14 నెలలు వచ్చిందంటే మీ తమ్ముడు దాన్ని బాగానే చూసుకున్నట్టు.

వన్‌టౌన్_కౌంటర్ | ఆదివారం ఉదయం 8:15

కౌంటర్‌కి ఇవతల నుంచి నాకు కనిపించేది చెప్తానండి. రోజూ ఎవరో ఒకరు ఇదే బాధతో వస్తారు. మా దగ్గర స్టిక్ మాడ్యూళ్ళు ఉండవు. కంపెనీ విడిభాగాలు మాకు ఇవ్వదు, డిస్ట్రిబ్యూటర్ అమ్మడు. మేం అమ్మగలిగేది కొత్త కంట్రోలరే. దాని మీద మాకు మిగిలేది కూడా తక్కువే, ఆన్‌లైన్ సేల్ రోజుల్లో మేం కొన్న ధరకే కస్టమర్ ఇంటికి తెప్పించుకుంటాడు.

కొనేటప్పుడు మాత్రం మూడు విషయాలు చూడండి. బిల్లు లేకుండా కొద్దిగా తగ్గిస్తామంటే ఒప్పుకోవద్దు, బిల్లు లేకపోతే వారంటీ ఉండదు. బిల్లు మీద కంపెనీ వారంటీ అని ఉందా, సెల్లర్ వారంటీ అని ఉందా చదవండి. రెండోదైతే రేపు ఆ అమ్మినవాడే దిక్కు. ఇక అట్ట డబ్బా మీద "హాల్ ఎఫెక్ట్" (అయస్కాంతం రకం) అని పెద్ద అక్షరాలుంటే, అది స్టిక్కులకా, వెనకున్న ట్రిగ్గర్లకా అని వెనక్కి తిప్పి చూడండి. కొన్నిట్లో ట్రిగ్గర్లకే అయస్కాంతం ఉంటుంది, స్టిక్కులు పాత కార్బన్‌వే. నేనే ఒకసారి సరిగ్గా చదవకుండా ఒక కుర్రాడికి అమ్మాను. తిరిగొచ్చాక మార్చి ఇచ్చాను.

సోల్డర్_పొగ | ఆదివారం ఉదయం 9:30

గవర్నర్‌పేటలో ఫోన్లు బాగుచేసే బల్ల నాది. మూడేళ్ళ నుంచి కంట్రోలర్లు కూడా చేస్తున్నాను. తమ్ముడూ, కొత్తది కొనే ముందు ఇది చదువు.

ఆ మాడ్యూల్‌కి 14 కాళ్ళు. రెండు పొటెన్షియోమీటర్లకి మూడేసి, నొక్కుడు బటన్‌కి నాలుగు, లోహపు చట్రాన్ని బోర్డుకి పట్టి ఉంచేవి నాలుగు. పద్నాలుగింటినీ ఒకేసారి వదిలించాలి. ఒక్కటి అంటుకుని ఉండగా లాగితే రంధ్రం లోపలి రాగి పూత ఊడి వస్తుంది, ఆ తర్వాత బోర్డే పోయినట్టు. కాళ్ళని బోర్డుకి అతికించే లోహం సోల్డర్. ఫ్యాక్టరీలో వేసే సీసం లేని సోల్డర్ 217 డిగ్రీల దగ్గర గానీ కరగదు. మేం వాడే సీసం కలిసినది 183 దగ్గరే కరుగుతుంది. అందుకని ముందు ప్రతి కాలు మీదా ఫ్లక్స్ రాసి, మన సోల్డర్ కొంచెం కలిపితే పాతది కూడా తక్కువ వేడికే లొంగుతుంది. చట్రం కాళ్ళూ, గ్రౌండ్ కాలూ వేడిని లాగేసుకుంటాయి, అక్కడ ఓపిక కావాలి. కొందరు తొందరపడి హాట్ ఎయిర్ పెడతారు, ప్లాస్టిక్ వంగిపోతుంది.

దీనికంటే చిన్న పని ఇంకోటుంది. మాడ్యూల్ పక్కన ఆకుపచ్చ మూత ఉంటుంది, సోల్డర్ ముట్టకుండానే దాన్ని జాగ్రత్తగా తెరవొచ్చు. లోపల వేళ్ళున్న తెల్లటి చక్రం, ఎదురుగా కార్బన్ పట్టీ. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్కతో తుడిస్తే పొడి వల్ల వచ్చిన డ్రిఫ్ట్, అంటే స్టిక్ దానంతటదే జరగడం, పోతుంది. పట్టీయే అరిగి ఉంటే మాత్రం నాలుగు వారాల్లో మళ్ళీ వస్తుంది. థిన్నర్ వాడొద్దు, ప్లాస్టిక్‌ని తినేస్తుంది. మామూలు తుప్పు స్ప్రే కొట్టించుకుని నా దగ్గరికి వచ్చినవి ఎన్నో. జిడ్డుకి దుమ్ము అంటుకుని మొదటికంటే అధ్వాన్నం అవుతాయి.

మామూలు మాడ్యూల్ నాకు 150 లోపే పడుతుంది. హాల్‌ది కొంచెం ఎక్కువ. నా కూలితో కలిపినా కొత్త దాని ధరలో ఐదో వంతు దాటదు. 150 రూపాయల ముక్క కోసం ఆరు వేల వస్తువు చెత్తలోకి పోతోంది. నాకు కోపం వచ్చేది అక్కడే. బోర్డు బాగుంటుంది, బ్యాటరీ బాగుంటుంది, బటన్లు బాగుంటాయి.

పాత_క్యాట్రిడ్జి | ఆదివారం ఉదయం 11:20

1990ల్లో బీసెంట్ రోడ్డులో క్యాట్రిడ్జి గేములు కొనుక్కున్న తరం మాది. నా దగ్గర సెగా డ్రీమ్‌కాస్ట్ ఇప్పటికీ నడుస్తుంది. జపాన్‌లో అది 1998 నవంబరులో వచ్చింది. దాని స్టిక్‌లో రాసుకునే భాగమే లేదు. కింద అయస్కాంతం, ఎదురుగా హాల్ సెన్సర్లు. అయస్కాంతం కదిలితే క్షేత్రం మారుతుంది, ఆ మార్పుని సెన్సర్ వోల్టేజీగా చెప్తుంది. ఎడ్విన్ హాల్ 1879లో కనిపెట్టిన సంగతి అది. నా కంట్రోలర్ మధ్యలో వదిలితే ఈ రోజుకీ మధ్యలోనే ఉంటుంది.

అంటే దారి తెలియక కాదు. తెలిసిన దారిని వదిలి చవకైన దారి పట్టారు. నింటెండో కంపెనీ స్విచ్ 2017 మార్చిలో వచ్చింది, రెండేళ్ళకే దాని కంట్రోలర్ జాయ్‌కాన్ డ్రిఫ్ట్ మీద అమెరికాలో దావాలు పడ్డాయి, 2020 జూన్‌లో నింటెండో అధ్యక్షుడు ఇబ్బందికి క్షమాపణ చెప్పారు. 2023లో యూరప్ దేశాల్లో వారంటీ దాటినా ఉచితంగా బాగుచేస్తామని ఒప్పుకున్నారు, అదీ అక్కడి వినియోగదారుల సంఘాలు వెంటపడ్డాకే. మన దేశంలో ఆ కంపెనీ స్విచ్‌ని అధికారికంగా అమ్మనే లేదు. ఇక్కడ బయటి దిగుమతి సరుకు కొన్నవాళ్ళకి ఆ ఒప్పందం అక్కరకు రాదు. 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2లో కూడా హాల్ స్టిక్కులు పెట్టలేదు.

బుడమేరు_పక్కన | ఆదివారం మధ్యాహ్నం 2:10

సింగ్‌నగర్‌లో గేమింగ్ పార్లర్ నాది. మా పిల్లలు కంట్రోలర్ అనరు, రిమోట్ అంటారు. ఎనిమిది ఉన్నాయి. ప్రతి దాని మీదా నెంబరు అతికించి, ఎప్పుడు కొన్నాను, ఎప్పుడు ఏది పోయింది అని నోటుబుక్కులో రాసుకుంటాను. నా పుస్తకంలో దాదాపు ప్రతిసారీ ముందు పోయేది ఎడమ స్టిక్. పరుగెత్తించేది దానితోనే కదా. ఒకటో నెంబరు రిమోట్ మొరటు పిల్లలు ఎప్పుడూ తీసుకుంటారు, ఆరో నెంబరు మెల్లగా ఆడేవాళ్ళు. రెండిటికీ మధ్య తేడా నెలన్నరే వచ్చింది. అందుకే చెప్తున్నా, మొరటుతనం లెక్క చిన్నది, గంటల లెక్క పెద్దది.

2024 సెప్టెంబరు ఒకటిన బుడమేరు మా మీద పడ్డప్పుడు షాపు మొత్తం నీళ్ళలో ఉంది. రోజుల తరబడి తలుపు తీయలేకపోయాం. టీవీలు పోయాయి, కన్సోళ్ళు పోయాయి. రిమోట్లు అరలో బురదలో దొరికాయి. ఏడుపొచ్చింది, కానీ పారెయ్యబుద్ధి కాలేదు. ఆన్ చెయ్యకుండా అన్నీ విప్పి, బ్యాటరీలు తీసేసి, మంచినీళ్ళతో కడిగి, తర్వాత ఆల్కహాల్‌తో కడిగి వారం ఆరబెట్టాను. కొత్త బ్యాటరీలు వేస్తే ఎనిమిదిలో ఐదు బతికాయి. ఐదింటికీ స్టిక్కులు మాత్రం కరకరలాడాయి. సన్నటి ఒండ్రు ఆ కార్బన్ పట్టీ మీదికి చేరి గరుకు కాగితంలా గీకేసింది. అప్పుడే ఆ మూత విప్పి లోపల ఏముందో మొదటిసారి చూశాను. ఇంత చిన్న నల్ల గీత మీద నా వ్యాపారం ఆధారపడి ఉందా అనిపించింది. ఐదింటికీ హాల్ మాడ్యూళ్ళు వేయించాను. ఇప్పటిదాకా ఒక్కటీ తిరిగి విప్పలేదు.

పటమట_నాన్న | ఆదివారం సాయంత్రం 6:05

నేను ఆటలు ఆడేవాణ్ణి కాదు. మా అబ్బాయి కంట్రోలర్ గురించి వెతుకుతూ ఇక్కడికి వచ్చాను. పైనున్నవన్నీ రెండుసార్లు చదివాను.

వాడు తొమ్మిదో తరగతి. వేసవి సెలవుల్లో స్టిక్ ఇలాగే దానంతటదే జరగడం మొదలైంది. నేలకేసి కొట్టావా అని అడిగాను. లేదు నాన్నా అన్నాడు. అబద్ధం చెప్తున్నాడనుకుని, వస్తువు విలువ తెలియని వాడికి వస్తువు ఎందుకని బీరువాలో పెట్టి తాళం వేశాను. మూడు నెలలైంది. వాడు మళ్ళీ అడగలేదు. ఆ అడగకపోవడాన్నే నేను తప్పు ఒప్పుకోవడం అనుకున్నాను.

ఇప్పుడు నా ప్రశ్న ఒక్కటే. పడేసినందువల్ల పోయిందా, అరిగి పోయిందా అని విప్పి చూస్తే తెలుస్తుందా?

సోల్డర్_పొగ | ఆదివారం సాయంత్రం 6:40

తెలుస్తుందండి, స్పష్టంగా తెలుస్తుంది. పడేస్తే చట్రం వంగుతుంది, స్టిక్ కాండం పక్కకి ఒరుగుతుంది, లేదా కాళ్ళ దగ్గర సోల్డర్‌కి చీలిక కనిపిస్తుంది. అరుగుదలైతే కార్బన్ పట్టీ మధ్యలో వేళ్ళు తిరిగిన దారి మెరుస్తూ, నలుపు పలచబడి కనిపిస్తుంది. భూతద్దం పెడితే చాలు. మీరు తీసుకురండి, మీ ముందే విప్పుతాను. ఊరికే చూడ్డానికి డబ్బులేం తీసుకోను. వీలైతే బాబుని కూడా తీసుకురండి.

బ్రాడీపేట_నోటీసు | ఆదివారం రాత్రి 9:25

చట్టం వైపు నుంచి కొంచెం. వినియోగదారుల కేసులు చూస్తుంటాను.

2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉత్పత్తి బాధ్యత అనే అధ్యాయం ఉంది, 84వ సెక్షన్ ప్రకారం డిజైన్‌లో లోపం ఉన్నా తయారీదారు బాధ్యుడే. ఇది చదివి చాలామంది ఇంకేం, కేసు వేసేద్దాం అంటారు. కానీ అదే చట్టంలో "హాని" అంటే ఏమిటో చెప్పేచోట, ఆ వస్తువుకే జరిగిన నష్టం అందులోకి రాదని ఉంది. పేలి చెయ్యి కాలితే ఆ అధ్యాయం, దానంతటది అరిగి పోతే కాదు. మన దారి 2(10)లో ఉన్న "లోపం" అనే మాట. నాణ్యతలో ఉండాల్సినంత లేకపోవడం.

వారంటీలోపల వచ్చి "అరుగుదల మా పరిధి కాదు" అని తిప్పి పంపితే గట్టిగా నిలబడండి. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు చెల్లించిన ధర ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. బెజవాడలో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా, మీరు గుంటూరులో ఉంటే గుంటూరులోనే వేయొచ్చు. సమస్య వచ్చిన నాటి నుంచి రెండేళ్ళ గడువు. వారంటీ దాటాక వస్తే మాత్రం రుజువు భారం మన మీద పడుతుంది, ఆరు వేల వస్తువు మీద అన్ని వాయిదాలు తిరగడం కష్టమే. అరండల్‌పేట తమ్ముడికి నా సలహా బాగు చేయించుకోమనే. డ్రిఫ్ట్ మొదలవగానే వీడియో తీసి తేదీతో దాచుకోవడం అందరూ అలవాటు చేసుకోండి. వారంటీ ఉండగా ఏదో కొంచెమే కదా అని ఊరుకుని, 13వ నెలలో నా దగ్గరికి వచ్చేవాళ్ళే ఎక్కువ.

మంగళగిరి_మెరుపు | ఆదివారం రాత్రి 9:50

అయితే అందరం హాల్‌కి మారిపోతే సరి, ఇక గొడవే ఉండదు కదా?

ఈసీఈ_ఫైనలియర్ | ఆదివారం రాత్రి 10:30

అంత సులువు కాదు అన్నా. రాసుకునే భాగం లేదు కాబట్టి కార్బన్ అరుగుదల ఉండదు, అంతవరకే నిజం. స్టిక్‌ని మధ్యకి తెచ్చే స్ప్రింగు అలాగే ఉంటుంది, అది అలసిపోతే హాల్ స్టిక్ కూడా సరిగ్గా మధ్యకి రాదు. సెన్సర్‌కి ఎప్పుడూ కరెంటు కావాలి, వైర్‌లెస్ వాటిలో బ్యాటరీ కొంచెం ఎక్కువ తాగుతుంది. టీఎంఆర్ అని ఇంకో రకం అయస్కాంత సెన్సర్లు వస్తున్నాయి, అవి తక్కువ కరెంటుతో నడుస్తాయి.

ఇంకో ముఖ్యమైన సంగతి. మాడ్యూల్ మార్చాక కంట్రోలర్ మెమరీలో పాత మధ్య విలువే ఉంటుంది. కొత్తదాని మధ్య వేరు. క్యాలిబ్రేషన్ చెయ్యకపోతే, అంటే కొత్త మధ్య విలువ నమోదు చెయ్యకపోతే, కొత్త మాడ్యూల్ కూడా మొదటి రోజే డ్రిఫ్ట్ చూపిస్తుంది, రిపేరు చేసినవాణ్ణి తిట్టుకుంటాం. కొన్ని కంట్రోలర్లకి కేబుల్ పెట్టి బ్రౌజర్‌లోనే చేసుకునే పేజీలున్నాయి.

నా దృష్టిలో అసలు తప్పు కార్బన్ వాడటం కూడా కాదు, విప్పలేనట్టు బిగించడం. సోనీ 2023 జనవరిలో డ్యూయల్‌సెన్స్ ఎడ్జ్ అనే కంట్రోలర్ తెచ్చింది. దాంట్లో స్టిక్ మాడ్యూల్ మొత్తం లాగి కొత్తది గుచ్చొచ్చు, సోల్డర్ అక్కర్లేదు. వచ్చినప్పుడు అమెరికాలో ఆ కంట్రోలర్ ధర 200 డాలర్లు, మాడ్యూల్ 20 డాలర్లు. విప్పుకునేలా తయారుచెయ్యడం వాళ్ళకి చేతనవునని అక్కడే తేలిపోయింది. ఖరీదైన దానికే ఎందుకు, మామూలు దానికి ఎందుకు కాదు? సైకిల్‌కి బ్రేకు రబ్బరు అరిగితే సైకిల్ మార్చం కదా.

వన్‌టౌన్_కౌంటర్ | సోమవారం ఉదయం 8:05

ఈ మాటతో నేను ఏకీభవిస్తానండి. విడిభాగం అధికారికంగా అమ్మితే మొదట కౌంటర్‌లో పెట్టేది నేనే. కొత్త కంట్రోలర్ మీద ఏడాదికోసారి వచ్చే కస్టమర్ కంటే, మాడ్యూల్ కోసం, కేబుల్ కోసం పదిసార్లు వచ్చే కస్టమరే నాకు ముఖ్యం.

అరండల్‌పేట_ఆటగాడు | తరువాతి ఆదివారం రాత్రి 8:50

అందరికీ థాంక్స్. ఇవాళ పొద్దున తమ్ముణ్ణి తీసుకుని బెజవాడ బస్సెక్కి గవర్నర్‌పేట వెళ్ళాను. సోల్డర్ అన్న మా ముందే విప్పారు. ఎడమ మాడ్యూల్ కాళ్ళు వదిలించడానికి ఇరవై నిమిషాలు పట్టింది, ఒక్క రంధ్రం కూడా పాడవలేదు. పట్టీ మధ్యలో నల్లదనం పోయి సన్నటి మెరుపు గీత, తమ్ముడు భూతద్దంతో చాలాసేపు చూశాడు. రెండు వైపులా హాల్‌వే వేయించాను, ఎలాగూ విప్పారు కాబట్టి. ఇంటికొచ్చి క్యాలిబ్రేషన్ మళ్ళీ సరిచూశాను, వదిలేస్తే 127, 128 మధ్యే ఉంటోంది. డెడ్‌జోన్ మళ్ళీ మొదటికి తెచ్చాను. ఆటగాడు మెల్లగా నడుస్తున్నాడు. మొత్తం ఖర్చు, బస్సు ఛార్జీలు కలిపి, పదమూడు వందల లోపు.

అరిగిన మాడ్యూల్ అడిగి తెచ్చుకున్నాను. అమ్మకి చూపించాను.

పటమట_నాన్న | తరువాతి ఆదివారం రాత్రి 9:35

మేము శుక్రవారం వెళ్ళాం. చట్రం వంగలేదు, చీలిక లేదు, పట్టీ అరిగింది. వాడు నా పక్కనే నిలబడి చూశాడు. వాణ్ణి అక్కడే, అందరి ముందే క్షమించమని అడిగాను. "పర్లేదు నాన్నా" అని తల వంచుకున్నాడు.

ఎడమది మార్పించాం. కుడిది ఇంకా బాగానే పనిచేస్తోంది. దానికి కూడా గీత పడిందా అని దారంతా అడుగుతూనే ఉన్నాడు. వచ్చేటప్పుడు చిన్న స్క్రూడ్రైవర్ సెట్టు, ఒక భూతద్దం కొన్నాను. ఇప్పుడు భోజనాల బల్ల మీద పాత చీర పరిచి కూర్చున్నాం. సోల్డర్‌పొగ గారూ, ఆ ఆకుపచ్చ మూత ఏ వైపు నుంచి ఎత్తాలో ఒక్కసారి చెప్తారా?